భయపడితే విశ్వాసం లేనట్టా? కేసు పెడితే క్షమించనట్టా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్ శివారులో రేకుల షెడ్డులో నడిచే చిన్న ప్రేయర్ హాలు. పోయిన ఆదివారం ఆరాధన మధ్యలో పదీ పన్నెండు మంది వచ్చి పాస్టరుగారి చెంప మీద కొట్టి, కీబోర్డు పగలగొట్టి, "వచ్చే వారం తలుపు తీస్తే చూస్తాం" అని బెదిరించి వెళ్లారు. పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం, పోలీసులు వద్దు" అంటున్నారు. యూత్ పిల్లలు "ఈసారి మనమూ రెడీగా ఉందాం" అంటున్నారు. ప్రశ్న అడిగిన అబ్బాయికి వీధిలో నాలుగు బైకులు కలిసి వెళ్తే చేతులు వణుకుతున్నాయి. వాళ్లమ్మ ఇక హాలుకు వెళ్లొద్దంటోంది. "నాకు విశ్వాసం లేదా? ఏం చేయాలి?" అని అడిగారు.

బాబూ, ముందు సూటిగా చెప్తాను, వివరం తర్వాత. మీ భయం అవిశ్వాసం కాదు. తిరిగి కొట్టొద్దు. ఫిర్యాదు ఈ రోజే ఇవ్వండి. ఆదివారం హాలు తెరవండి, అయితే ఏర్పాట్లు చేసుకుని తెరవండి. ఇవి ఒకదానికొకటి అడ్డం అనుకుంటారు చాలామంది. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

నేను ముప్పై రెండేళ్లు పాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మొదట మెదక్ వైపు పల్లెల్లో, తర్వాత హైదరాబాద్‌లో. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంటున్నాను. ఇలాంటి గొడవలు ఏడెనిమిది దగ్గరగా చూశాను. మొదటిదాంట్లో నేను పారిపోయాను. అక్కడి నుంచే మొదలుపెడతాను.

తొంభైల్లో నర్సాపూర్ దాటాక ఒక ఊళ్లో శనివారం రాత్రి ఇంటి కూటం. పెట్రోమాక్స్ లైటు, డోలక్, పాతికమంది ఆడవాళ్లు, పిల్లలు. సగం పాటలో బయట అరుపులు. నలుగురైదుగురు లోపలికి వచ్చి డోలక్ తన్నారు. ఆ తర్వాత నేను చేసింది నాకే నమ్మబుద్ధి కాలేదు. వెనక గోడ దూకి మొక్కజొన్న చేలో కూర్చున్నాను. ఎంతసేపో గుర్తులేదు. తిరిగి వచ్చేసరికి నా భార్య పిల్లల్ని ఒక మూలకు చేర్చి, పాటల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో ఏదో రాసుకుంటోంది. మూడు స్కూటర్లు, ఒక రాజ్‌దూత్, వాటి నంబర్లు. ఆమె చేతులూ వణుకుతూనే ఉన్నాయి. ఆ నంబర్లు చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది, అన్నీ వంకరటింకర.

మరుసటి ఆదివారానికి సింహాల గుహలో దానియేలు మీద ప్రసంగం సిద్ధం చేసుకుని ఉన్నాను. చెప్పలేకపోయాను. గెత్సేమనే తోట చదివి కూర్చున్నాను.

మీరూ అది చదవండి. యేసు ఆ రాత్రి చెమటలు కక్కాడు, ఈ గిన్నె నా నుంచి తొలగించు అని తండ్రిని అడిగాడు, పక్కన మేలుకొని ఉండండని స్నేహితులను బతిమాలాడు. ఒంటరిగా ఉండలేనన్నంత భయం. దాన్ని మన బోధకులు దైవత్వం, మానవత్వం అని విడదీసి దాటేస్తారు. నాకైతే ఆ భాగం లేకపోతే ఆ గోడ దూకిన తర్వాత మళ్లీ పుల్పిట్ ఎక్కే ధైర్యం ఉండేది కాదు. పౌలును దమస్కులో చంపాలని చూసినప్పుడు శిష్యులు ఆయన్ని గంపలో పెట్టి రాత్రివేళ గోడ మీది నుంచి దింపారు. ఒక ఊళ్లో హింసిస్తే మరో ఊరికి పారిపొమ్మని యేసే శిష్యులకు చెప్పాడు. తప్పుకోవడం దానంతట అదే తప్పు కాదు. నా తప్పు ఎక్కడుందంటే, పాతికమందిని లోపల వదిలి నేనొక్కణ్ణే తప్పుకోవడంలో ఉంది.

మార్టిన్ లూథర్ కింగ్ పేరు మన సభల్లో తెగ వినిపిస్తుంది. 1956 జనవరి 30న అమెరికాలోని మాంట్‌గోమరీలో ఆయన ఇంటి మీద బాంబు వేశారు. లోపల భార్య, పసిబిడ్డ ఉన్నారు. ఆయన వచ్చేసరికి వీధి నిండా కోపంతో ఉన్న జనం, కొందరి చేతుల్లో తుపాకులు. ఆయన వరండాలో నిలబడి వాళ్లను ఇళ్లకు పంపించాడు. ఈ ముక్క అందరూ చెప్తారు. చెప్పనిది ఇంకోటి ఉంది. దానికి కొద్ది రోజుల ముందే ఓ అర్ధరాత్రి బెదిరింపు ఫోను వస్తే, నిద్రపట్టక వంటింట్లో కూర్చుని, ఇక నా వల్ల కాదని ఆయన దేవుడి ముందు ఒప్పుకున్నాడు. బాంబు తర్వాత తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు కూడా పెట్టుకున్నాడు, అధికారులు ఇవ్వలేదు. ఇంట్లో తుపాకీ వద్దనే నిర్ణయానికి తర్వాత వచ్చాడు. ఆయనకూ టైం పట్టింది. మీకు వారం కూడా కాలేదు.

ఇక చెంప సంగతి. మీ పాస్టరుగారు "రెండో చెంప చూపమన్నాడు కదా, పోలీసులు ఎందుకు" అన్నారని రాశారు. ఆయన మీద నాకు గౌరవమే. దెబ్బ తిన్నది ఆయన, ఆ మాట అనే హక్కు ఆయనకే ఉంది. కానీ మత్తయి సువార్తలో ఉన్నది కుడి చెంప. ఎదురుగా నిలబడి కుడిచేత్తో ఎదుటివాడి కుడి చెంప మీద కొట్టాలంటే చేతి వెనక వైపుతో కొట్టాలి. అది యజమాని బానిసను కొట్టే దెబ్బ, అవమానించే దెబ్బ. రెండో చెంప చూపడమంటే "నేను నీ బానిసను కాదు, కొడితే సమానుడిలా చూసి కొట్టు" అనడమని కొందరు పండితులు వివరిస్తారు. దీన్ని అందరూ ఒప్పుకోరు, నాకు మాత్రం సరిగానే తోస్తుంది.

అది ఒప్పుకోకపోయినా ఇంకో చోటు చూడండి. ప్రధాన యాజకుడి ముందు విచారణలో ఒక బంట్రోతు యేసు చెంప మీద కొట్టాడు. ఆయన రెండో చెంప తిప్పలేదు. తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేదో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు అని అడిగాడు. యోహాను 18వ అధ్యాయం. తిరిగి కొట్టలేదు, ఊరుకోనూ లేదు. మీరు స్టేషన్‌లో ఇవ్వబోయే ఫిర్యాదు కూడా ఆ ఒక్క ప్రశ్నే: ఎందుకు కొట్టారు?

ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి జైల్లో వేశారు. తెల్లారాక అధికారులు గుట్టుచప్పుడు కాకుండా వదిలేయమన్నారు. పౌలు ఒప్పుకోలేదు. బహిరంగంగా కొట్టించారు కదా, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు, వచ్చేదాకా కదల్లేదు. తర్వాత కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. తనకున్న పౌరసత్వాన్ని వాడుకోవడం విశ్వాసానికి తక్కువని ఆయన అనుకోలేదు.

ఫిర్యాదు ఎలా రాయాలి. ఇక్కడ చాలా సంఘాలు పొరపాటు చేస్తాయి. "మా పాస్టరును చెంప మీద కొట్టారు" అని నాలుగు లైన్లు రాసిస్తారు. మామూలు దెబ్బ ఒక్కటే అయితే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని కేసు కింద పోతుంది. స్టేషన్ రైటరు ఆ మాట చెప్పి పంపేస్తాడు. జరిగింది మొత్తం వరసగా రాయండి: ఎన్ని గంటలకు ఆరాధన మొదలైంది, ఎప్పుడు ఆపించారు, ఏ వస్తువు పగిలింది, ఏమని బెదిరించారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆరాధనకు ఆటంకం కలిగించడం సెక్షన్ 300, ఏడాది దాకా శిక్ష. మతాన్ని అవమానించే ఉద్దేశంతో ప్రార్థనా స్థలాన్ని ధ్వంసం చేయడం సెక్షన్ 298, రెండేళ్ల దాకా. ఈ రెంటికీ పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ వేయొచ్చు. ఇలాంటి నేరం జరిగిందని ఫిర్యాదు చెప్తుంటే నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. మా పరిధి కాదంటే, పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. అసలే తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో డీసీపీకి పంపే వీలు కొత్త ప్రొసీజర్ చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది, సెక్షన్ 173. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం.

పాస్టరుగారిని గాంధీకో ఉస్మానియాకో తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా రాయించండి. వాపు తగ్గిపోయిందని ఆగొద్దు. వీడియో తీసిన ఫోను అలాగే ఉంచండి, ఏదీ డిలీట్ చేయొద్దు. ఆ వీడియోను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం మాత్రం ఆపండి. అది పది చోట్ల కొత్త కోపం పుట్టిస్తుంది, మీకేమో ఒక్క సాక్ష్యం కూడా పెరగదు.

ఒక చేదు విషయం. మీ సంఘంలో దళిత కుటుంబాలు ఉంటే ఎవరో ఒకరు "అట్రాసిటీ కేసు పెడదాం" అంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సీ కింద వస్తారు. లాయరును అడగకుండా ఆ దారి పట్టొద్దు. అసలు కేసు పక్కకు పోయి మీ సర్టిఫికెట్ల మీద కేసు మొదలవుతుంది. ఇది న్యాయమా అంటే కాదనే నేనంటాను, కానీ ఇప్పుడు మీకు కావలసింది ఆ వాదన కాదు.

నా భార్య రాసిన నంబర్లు ఏమయ్యాయో చెప్పలేదు కదూ. ఎస్సైగారు మొదట "ఊళ్లో వాళ్లే కదా, కూర్చుని మాట్లాడుకోండి" అన్నారు. పుస్తకం అట్ట చూపించాక ఆ స్వరం మారింది. నలుగురిని పిలిపించి ఎమ్మార్వో ముందు బైండోవర్ చేశారు, అంటే ఇక గొడవ చేయమని పూచీకత్తు రాయించుకున్నారు. అంతే. జైలు లేదు, శిక్ష లేదు. అయినా మళ్లీ రాలేదు. నాలుగేళ్ల తర్వాత వాళ్లలో ఒకతను చెల్లి పెళ్లికి మా మందిరం కుర్చీలు అడగడానికి వచ్చాడు. ఇచ్చాం. రెండు కుర్చీలు విరిగి వచ్చాయి, అది వేరే సంగతి.

కేసు పెడితే క్షమించనట్టేనా? గ్రాహం స్టెయిన్స్ కుటుంబం సంగతి చూడండి. ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన ఆయన్ని, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ ఆ చేసినవాళ్లను క్షమించానని చెప్పారు. 2004 దాకా ఇక్కడే ఉండి ఆ పని కొనసాగించారు. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆమె క్షమించారని కేసు ఆగలేదు. ప్రధాన నిందితుడి యావజ్జీవాన్ని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమించడం ఆమె పని, విచారణ రాజ్యం పని.

కానీ గ్లాడిస్ పేరు చెప్పి ఎవరి నెత్తినా క్షమాపణ రుద్దకండి. ఇది నేను చేసిన పెద్ద తప్పు, గోడ దూకడం కన్నా పెద్దది. ఒక గొడవలో మా సంఘం వాచ్‌మన్‌కు తల పగిలింది. పద్దెనిమిది కుట్లు. మూడు వారాలకే ఆదివారం ఆరాధనలో ఆయన భార్య చేతికి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమన్నాను. ఆమె "క్షమించాను" అంది. అందరూ స్తోత్రం అన్నారు, కొందరు ఏడ్చారు. నాకు గొప్పగా అనిపించింది. తర్వాత ఆమె గుడికి రావడం మానేసింది. కొన్ని నెలలకు ఇంటికి వెళ్తే తలుపు దగ్గరే నిలబెట్టి చెప్పింది: "అయ్యగారూ, ఆ రోజు నేను క్షమించలేదు. మీరు మైకు ఇచ్చారని చెప్పాను."

తర్వాత కోర్టులో ఆమే స్పష్టంగా సాక్ష్యం చెప్పింది. కొట్టినవాళ్లను క్షమించిందో లేదో నాకు తెలియదు. నేను మళ్లీ అడగలేదు. మీ పాస్టరుగారి భార్యనూ ఎవరూ అడగొద్దు.

యూత్ సంగతి. నగరంలో ఒక కాలనీలో మా కుర్రాళ్లు సౌండ్ బాక్సుల వెనక ఏడు క్రికెట్ బ్యాట్లు దాచారు. అడిగితే "సాయంత్రం మ్యాచ్ ఉంది అయ్యగారూ" అన్నారు. ఏడు బ్యాట్లు, ఒక్క బంతి లేదు. ఒకడు బైబిలే తెచ్చి, కడరాత్రి శిష్యులు రెండు కత్తులున్నాయంటే యేసు చాలు అన్నాడు కదా అని వాదించాడు. రెండు కత్తులతో పదకొండు మంది ఏ యుద్ధం గెలుస్తారురా అన్నాను. ఆ కత్తి ఒకటి ఆ రాత్రే ఒకడి చెవి తెగ్గొట్టింది, యేసు చేసిందల్లా ఆ చెవిని బాగుచేయడం, కత్తి ఒరలో పెట్టించడం. ఇది విని వాడు ఒప్పుకున్నాడని చెప్పను. వాడు ఒప్పుకున్నది రెండో మాటకు: నువ్వు ఒక్క దెబ్బ కొడితే కౌంటర్ కేసు పడుతుంది, అవతలివాళ్లది, మనది రెండూ కలిపి రాజీ అంటారు, నీ గ్రూప్స్ ఉద్యోగం పోలీసు వెరిఫికేషన్‌లో ఆగుతుంది. ధైర్యం గురించి చెప్తే వినని పిల్లలు వెరిఫికేషన్ అంటే వింటారు.

ఒక తేడా మాత్రం స్పష్టంగా చెప్పాను. కొడుతుంటే అడ్డం నిలబడటం, ముసలామెను పక్కకు లాగడం, కొట్టే చెయ్యి పట్టుకోవడం వేరు. ఆత్మరక్షణ చట్టంలోనూ ఉంది. ముందే బ్యాట్లు పేర్చుకోవడం రక్షణ అనిపించుకోదు. బ్యాట్లు తీయించి ఆ ఏడుగురికే టార్చిలైట్లు ఇచ్చి కాపలా పెట్టాం. నాలుగు వారాలకు వాళ్లే విసిగిపోయారు, ఎవరూ రాలేదని.

ఆదివారానికి ఏం చేయాలి. ముందు చెప్పుల గుట్ట. నవ్వకండి. ఒకే తలుపు తెరిచి ఉన్న షెడ్డులో గుమ్మం ముందు వంద జతల చెప్పులు ఉంటే, పరుగెత్తినప్పుడు దెబ్బలకన్నా వాటి మీద పడి ఎక్కువమంది గాయపడతారు. నేను కళ్లారా చూశాను. చెప్పులు పక్కకు, రెండో తలుపు తెరిచి, పిల్లల్ని ఆ వైపు కూర్చోబెట్టండి. 112కు ఫోను చేసే పని ఒకరికి ముందే అప్పగించండి, అందరూ చేస్తారులే అనుకుంటే ఎవరూ చేయరు. గేటు దగ్గర కుర్రాళ్లు వద్దు, నలభై దాటినవాళ్లు ఇద్దరుండాలి. ఆ రోజు ఆరాధన ఉందని స్టేషన్‌లో ముందే రాతపూర్వకంగా ఇచ్చి బందోబస్తు అడగండి.

అంతకన్నా ముఖ్యం, శనివారం లోపు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లండి. ఒక్క కరపత్రం కూడా తీసుకెళ్లకుండా. "మావల్ల మీకు ఇబ్బంది ఏమైనా ఉందా?" అని అడిగి వినండి. నేను చూసిన గొడవల్లో సగం వాటికి మొదటి నిప్పు మైకు, పార్కింగు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ మామూలుగా కుదరదు. నాలుగు గోడల రేకుల షెడ్డులో యాభై మందికి అంత పెద్ద బాక్సులు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దీనివల్ల కొట్టినవాళ్లకు కొట్టే హక్కు వస్తుందని కాదు. రేపు పోలీసుల ముందు, పక్కింటివాళ్ల ముందు నోరు విప్పడానికి మీకు మొహం ఉండాలి కదా.

అలాగే బోధలో ఇతరుల దేవుళ్లను ఎగతాళి చేసే అలవాటు ఉంటే ఆపండి. వయసులో ఉన్నప్పుడు నేనూ చేశాను, జనం నవ్వేవాళ్లు, బాగుండేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణలో ఉంది. ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. "మా హక్కు" అని స్టేషన్‌లో గొంతు పెంచేముందు ఆ తేడా తెలిసి ఉండాలి.

ఆ రోజు పరుగెత్తినవాళ్లు, "మేం వీళ్లవాళ్లం కాదు, పాటలు విందామని వచ్చాం" అని తప్పించుకున్నవాళ్లు మీలో ఉండే ఉంటారు. వాళ్లను దెప్పొద్దు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకు బలి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవాలన్నప్పుడు క్రైస్తవులు వేలకొద్దీ లొంగిపోయారు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ లొంగలేదు కానీ దాక్కున్నాడు, నానా మాటలు పడ్డాడు. లొంగినవాళ్లను పశ్చాత్తాపం తర్వాత తిరిగి చేర్చుకోవాలని మరుసటి ఏడాది అక్కడి సభ తీర్మానించింది. మళ్లీ హింస వచ్చినప్పుడు అదే సిప్రియన్ దాక్కోలేదు, 258లో తల ఇచ్చాడు. ఎనిమిదేళ్లు. మీ సంఘంలో పరుగెత్తినవాడికి కనీసం ఎనిమిది వారాలైనా టైం ఇవ్వండి.

చివరగా మీ అమ్మగారు. ఆమెతో వాదించకండి, వాక్యాలు అసలే చెప్పకండి. ఈ ఆదివారం మీరు ఎక్కడ కూర్చుంటారో, ఏ తలుపులోంచి బయటికి వస్తారో, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో చెప్పండి. అయినా వద్దంటే ఒక వారం ఆగండి, దేవుడేమీ హాజరు పట్టీ వేయడు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం నెల దాటితే డాక్టరును కలవండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. నాకు చాలాకాలం మొక్కజొన్న చేను పక్క నుంచి పోతేనే గుండె దడదడలాడేది, అప్పట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఫిర్యాదు రాశాక పేర్లు, ఊరు తీసేసి ఇక్కడ పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత చూసి, ఏమైనా మార్చాలంటే చెప్తాను.